కాంటూరు గారు

పోయిన గురువారం సిల్వియా నవ్విన నవ్వు మీరు మరిచిపోయి ఉండరు. మరిచిపోయినా ఫరవాలేదు, మళ్ళీ చెబుతాను, నాకేం పోయింది. ఏలూరులో తమ్మిలేరు కేబుల్ వాళ్ళ ‘పన్నెండున్నర’ అనే కార్యక్రమం. ఆదివారం తప్ప రోజూ అన్నాల వేళకు లైవు. మైకు ముందు సిల్వియా. ఒకప్పుడు తాడేపల్లిగూడెంలో సోషల్ టీచరు. ఎంతటి నాయకుడు వచ్చి కూర్చున్నా, ఆయన చెప్పదలచుకున్నదంతా చెప్పనిచ్చి, “అయిందాండీ? ఇప్పుడు నేనడిగినదానికి చెప్పండి” అని మెత్తగా నిలదీసే మనిషి. ఆవిడ నిలదీస్తుంటే గుండుగొలను నుంచి ఆకివీడు దాకా కంచాల ముందు కూర్చున్నవాళ్ళు ముద్ద ఎత్తడం మరిచిపోయేవారు.

అలాంటి మనిషికి కొల్లేరు లోపలి లంక నుంచి సీతారత్నం అనే ముసలావిడ ఫోను చేసి, “ఐదో కాంటూరు, ఐదో కాంటూరు అంటన్నారు గదమ్మా, ఆ కాంటూరు గారు ఇప్పుడెక్కడున్నారో కనుక్కుని, ఆయన చేత ఒక్క మాట చెప్పించండమ్మా” అని అడిగింది. సిల్వియాకు నవ్వు ఆగలేదు. కాంటూరంటే మనిషి కాదండీ, గీత అని చెబుతూనే ఫక్కున నవ్వి, ఆ ఫోను పెట్టించేసి, తర్వాతి వాళ్ళను పిలిచింది. అదీ జరిగింది.

కాంటూరు గీత అవునా కాదా అంటే, గీతే. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు ఎక్కడెక్కడ వస్తుందో కొలిచి మ్యాపులో గీసిన గీత. గీత లోపలున్నదంతా సరస్సు, బయటున్నదంతా ఊరు. ఆ ఫోను వచ్చిన ఏడాదే, రెండువేల ఆరు వేసవిలో, గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత సీతారత్నం వాళ్ళ దోనెలంకకు నోటీసులు వచ్చాయి. నలభై ఇళ్ళు ఖాళీ చెయ్యాలని.

ఆ సంగతి సిల్వియాకు తెలిసింది నవ్విన తర్వాత. శుక్రవారం, శనివారం కొల్లేరు వైపు నుంచి ఒక్క ఫోను రాలేదు. ఫోన్లు అందుకునే షహనాజ్ రిసీవరు ఎత్తి పెట్టి, లైను బాగానే ఉందని చూసుకుంది. మూడేళ్ళుగా ఆ కార్యక్రమానికి ప్రాణం పోసినవాళ్ళు లంకల వాళ్ళే. వాళ్ళు తన మీద నమ్మకం తీసేసుకున్నారంటే ఇక మైకు ముందు కూర్చుని ఏం ప్రయోజనం అని సిల్వియా లోపల్లోపల కుమిలిపోయింది. ఇంట్లో తండ్రి నిత్యానందం గారు కూడా ఆ రోజు నుంచి టీవీ పెట్టడం మానేశారు. సర్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, కూతురి కార్యక్రమం చూడనిదే భోజనానికి కూర్చోనివారు, పన్నెండున్నర అయ్యేసరికి గొడుగు తీసుకుని ఎటో వెళ్ళిపోతున్నారు. తన నవ్వుకు ఆయన సిగ్గుపడుతున్నారనుకుంది సిల్వియా. అడిగే ధైర్యం లేకపోయింది.

ఆదివారం చర్చిలో ఆరాధనకు రానని చెబితే ఆయన ఎందుకని కూడా అడగలేదు. షహనాజ్‌ను వెంటబెట్టుకుని, కొల్లేటికోట దగ్గర ఆ ఫోను వచ్చిన ఎస్టీడీ బూతులో సీతారత్నం ఆచూకీ కనుక్కుని, రేవులోకి దిగింది. ఇక్కడి నుంచి ఈ వారం కథ.

రేవులో దోనె పట్టుకుని నిలబడినావిడే సీతారత్నం. డెబ్బై దాటిన మనిషి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చేతిలో తనకంటే పొడుగు గడ పట్టుకుని ఉంది. బూతువాడు కబురు పంపితే ఎవరినీ పంపకుండా తనే వచ్చింది.

“మధ్యలో కూకోండమ్మా. ఊగుద్ది, బయపడమాకండి,” అంది.

దోనె కదిలింది.

కార్తీకమాసపు మంచు ఇంకా విడలేదు. నీళ్ళు ఎక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కిక్కిస గడ్డి రెండు పక్కలా దోనెను ఒరుసుకుంటూ వెనక్కి పోతోంది. ఎక్కడో కనబడని చోట గూడబాతులు రెక్కలు దులుపుకుంటున్నాయి. ఆ చప్పుడు మంచులోంచి వచ్చి, మళ్ళీ మంచులోకే పోతోంది. గడ నీళ్ళలో దిగడం, పైకి రావడం, దాని కొస నుంచి చుక్కలు రాలడం, అంతే. సిల్వియాకు తాను మేలుకునే ఉన్నానా అని అనుమానం వచ్చింది. చిన్నప్పుడు జ్వరం తగ్గిన పొద్దుట పక్క మీద పడుకుని కిటికీలోంచి చూస్తే లోకం ఇలాగే ఉండేది. మాట్లాడాలనిపించలేదు. కానీ మాట్లాడడానికే వచ్చింది కదా. దారిపొడుగునా జీపులో కూర్చుని, క్షమాపణ ఎలా చెప్పాలో వాక్యాలు పేర్చుకుంది కూడా. ఒక్కటీ గుర్తురాలేదు.

“సీతారత్నం గారూ, ఆ రోజు నేను నవ్వడం తప్పండీ,” అంది చివరికి.

“నవ్వితే ఏవైందమ్మా. నా మాటకి మా ఇంట్లో పిల్లలూ నవ్వుతారు.” గడ ఒక్క పోటు పొడిచి ఆగింది ముసలావిడ. “నవ్వినందుక్కాదు. నా మాట అవకుండా పెట్టేసేరు చూడండి, అదీ నాకు బాధేసింది. మినిస్టర్లొచ్చినా మాట అవనిచ్చి అప్పుడడుగుతారు మీరు. నన్ను అవనివ్వలేదు.”

సిల్వియా తల వంచుకుంది. మూడేళ్ళలో ఎంతమంది ఎన్నెన్ని అన్నారు. పొగరుబోతన్నారు, అమ్ముడుపోయిందన్నారు, తాడేపల్లిగూడెం సెంటర్లో మైకు పెట్టి మరీ తిట్టారు. దేనికీ చలించని మనిషికి ఈ ఒక్క మాటకు కళ్ళు చెమర్చాయి.

“ఇప్పుడు అవనిస్తానండీ. మీరు చెప్పండి. నేను అడ్డురాను.”

“కాంటూరంటే గీతని మాకు తెలవదా అమ్మా? ముప్పయ్యేళ్ళ నుంచీ ఆ గీత అంచునే గదా బతుకుతున్నాం. నేనడిగింది గీత గీసినాయన్ని. అప్పుట్లో గొలుసూ కర్రా పట్టుకుని సర్వేకొచ్చేరు. పొద్దున లేస్తే కాంటూరు ఇక్కడండీ, కాంటూరు అక్కడండీ అనేవారు. అసలు పేరు అడగాలని మాకు తోచలేదు. పిల్లలు కాంటూరు గారొచ్చేరు, కాంటూరు గారొచ్చేరు అని ఆయనెనకాల తిరిగేవోళ్ళు. మా లంకలో ఇప్పుటికీ అదే పేరు. ఎవరన్నా మంచాయన కనబడితే, కాంటూరు గారిలాంటోడు అంటాం.”

వెనక కూర్చున్న షహనాజ్ చిన్నగా నిట్టూర్చింది. సిల్వియా నవ్విన నవ్వు ఎంత వెకిలిదో ఇద్దరికీ ఇప్పుడు తెలిసింది. పేరు తెలియక పెట్టుకున్న పేరు అది. చదువుకున్న దద్దమ్మకు ఆ సంగతి తోచలేదు, అంతే.

సీతారత్నం చెప్పుకుపోయింది. ఆ కాంటూరు గారికి సర్వే మధ్యలో జ్వరం తగిలింది. లేవలేకపోయారు. పన్నెండు రోజులు సీతారత్నం పాకలోనే ఉన్నారు. ఆవిడే గంజి కాచి పోసింది. లేచాక ఆయన మొట్టమొదట చేసిన పని, దిబ్బకు తూర్పున రాయి పాతించడం.

“నన్ను పిలిచి, ‘సీతారత్నం గారూ, గీత ఈ రాయి దగ్గర ఆగిపోతుందండీ. మీ దిబ్బ గీతకు బయట ఉంది. ఇల్లు కట్టుకోండి. మీ మనవలు కూడా ఇక్కడే ఉంటారు’ అన్నారు. నన్ను గారూ అన్న మనిషి అప్పుటిదాకా లేడమ్మా. ఆ మాట మీదే నలభై ఇళ్ళు లేచేయి. తర్వాతెప్పుడో చెరువు గట్టు పోసినప్పుడు పొక్లెయిను కింద పడి రాయి పోయింది. ఇప్పుడు ఆఫీసర్లొచ్చి మ్యాపు చూపిత్తన్నారు. మ్యాపులో గీత మా ఇళ్ళకి అవతలుందంట. మేం సరస్సులో ఉన్నామంట. రాయి లేదు. ఆయనొక్కరొచ్చి ఎక్కడ పాతేరో చెబితే చాలమ్మా. మాకింకెవరూ లేరు సాక్షి.”

“ఎలా ఉండేవారండీ ఆయన?” సిల్వియా అలవాటు కొద్దీ అడిగింది.

“పొడుగు మనిషి. అన్నం ముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేవారు. జ్వరంలో ఒకటే పేరు కలవరింత. కూతురంట. మా కోడలికి ఆ నెల్లోనే ఆడపిల్ల పుడితే, ఆయన బతికి లేచేరు గదా అని ఆ పేరే పెట్టుకున్నాం. మాకేమో నోరు తిరగదాయె. సిలివమ్మ, సిలివమ్మ అనేసేం. అదుగో, రేవులో నిలబడింది చూడండి, అదే మా సిలివమ్మ.”

మంచు పల్చబడిన చోట గట్టు కనిపించింది. గట్టు మీద ముప్పయ్యేళ్ళ ఆడమనిషి, చంకలో పిల్లతో, చెయ్యి ఊపుతోంది.

సిల్వియా ఆ మనిషి వంక చూస్తూ ఉండిపోయింది. తనకు ఎనిమిదో ఏట నాన్న క్యాంపుకని వెళ్ళి ఎన్నాళ్ళకో చిక్కిపోయి వచ్చారు. ఎక్కడికెళ్ళారో అమ్మ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. వచ్చిన రోజు తనను ఒళ్ళో కూర్చోబెట్టుకుని వదల్లేదు. ఆ చేతుల వేడి ఇప్పుడు, ఈ నీళ్ళ మధ్య, ఒంటికి తెలిసింది. షహనాజ్ “మేడం” అని భుజం మీద చెయ్యి వేసింది. నిత్యానందం గారిని బాగా ఎరిగిన పిల్ల కనుక తనకూ సంగతి అర్థమైపోయింది.

“అన్నట్టు మీ పేరేంటమ్మా? టీవీలో అందరూ మేడం మేడం అంటారు, కింద రాసింది నేను చదవలేను,” అంది సీతారత్నం.

“నా పేరూ సిలివమ్మేనండీ.”

గడ ఆగిపోయింది. దోనె తనంతట తనే కాస్త దూరం జారి, గుర్రపుడెక్కల్లో చిక్కుకుని నిలబడింది. సీతారత్నం ఆమె మొహాన్ని చాలాసేపు చూసింది. నుదురు చూసింది, ముక్కు చూసింది. కోప్పడుతుందనుకుంది సిల్వియా. కోప్పడితే బాగుండుననుకుంది.

“కాంటూరు గారు బాగున్నారామ్మా?” అని అడిగింది సీతారత్నం. “ఆ జ్వరాలు మళ్ళీ ఏవన్నా వత్తన్నాయా?”

సిల్వియా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, “రేపు పన్నెండున్నరకి టీవీ పెట్టుకోండి. నాన్నగారిని తీసుకొస్తాను,” అని మాట ఇచ్చేసింది. ఆయన్ను అడక్కుండానే ఇచ్చేసింది చూడండి, అదీ ఆవిడ తొందర.

ఏలూరు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. నిత్యానందం గారు వరండాలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

“నాన్నగారూ, దోనెలంక వెళ్ళొచ్చాను.”

కళ్ళద్దాలు తుడుస్తున్న చెయ్యి ఆగింది. “సీతారత్నం గారున్నారా?” అన్నారు.

“ఉన్నారు. మీకు జ్వరాలు మళ్ళీ వస్తున్నాయా అని అడిగారు.”

ఆయన ఆ మాట తట్టుకోలేకపోయారు. గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన భుజాలు అదరడం సిల్వియా పుట్టి బుద్ధెరిగాక అదే చూడడం. అమ్మ పోయిన రోజు కూడా ఆయన ఇలా అవలేదు. కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. తండ్రి టీవీ ఎందుకు మానేశారో ఇప్పుడు అర్థమైంది. ఆయన సిగ్గుపడింది కూతురి నవ్వుకు కాదు. ఆ ఫోను వచ్చింది తనకేనని ఆయనకు తెలుసు.

“రాయి సరైన చోటే పాతించాను,” అన్నారు ఇటు తిరిగి. “నా కొలతలో తప్పు లేదమ్మా. మ్యాపులో తప్పుంది. రాయి దగ్గర ఆగాల్సిన గీతను అవతలికి వంచి, దోనెలంకను లోపల వేశాం. ఉత్తరాన ఇంకోచోట కొంత భూమిని బయటికి తీశాం. సరస్సు విస్తీర్ణం కాగితం మీద సరిపోవాలి కదా. అక్కడ తగ్గింది ఇక్కడ కలిపాం.”

“ఉత్తరాన భూమి ఎవరిది?”

“మీ అబ్బాయిరాజు గారి నాన్నగారిది.”

అబ్బాయిరాజు గారంటే తమ్మిలేరు కేబుల్ యజమాని. సిల్వియాకు మైకు ఇచ్చింది ఆయనే.

“మ్యాపు మీద సంతకం?”

“నాదే.”

“బెదిరించారా నాన్నగారూ? పై ఆఫీసర్లు ఒత్తిడి చేశారా?”

నిత్యానందం గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. “అది రేపు అక్కడే అడుగు. ఇంట్లో చెబితే కూతురికి చెప్పుకున్నట్టవుతుంది. నేను చెప్పాల్సింది వాళ్ళకి,” అన్నారు. తర్వాత ఎంత అడిగినా ఆ మాటే. లేచి వెళ్ళి తెల్లచొక్కా తీసి తనే ఇస్త్రీ చేసుకున్నారు.

సోమవారం పదకొండింటికే సిల్వియా అబ్బాయిరాజు గారి గదిలోకి వెళ్ళి, ఈ రోజు ఎవరు వస్తున్నారో, ఏం చెబుతారో దాచకుండా చెప్పింది. దొంగచాటు పనులు ఆవిడకు చేతకావు. రాజుగారు నెమ్మదైన మనిషి. యాభై ఏళ్ళ వయసులో ఒకరి మీద గొంతెత్తినట్టు ఎవరూ చెప్పరు. అంతా విని తలాడించారు.

“తప్పకుండా తీసుకురండి. పెద్దాయన, కాఫీ అదీ సరిగ్గా చూసుకోండి. నలభై ఇళ్ళు నిలబడితే మంచిదే కదండీ. కాకపోతే మా నాన్నగారు పోయి పదేళ్ళయిందండి. పోయినవారి పేరు లైవులో వచ్చిందనుకోండి, అదేం చిత్రమో మన స్టూడియోలో కరెంటు పోతుంది. పోయిందంటే మరి ఈ కార్యక్రమానికి మళ్ళీ రాదేమోనండీ.”

ఎంత మర్యాదగా అన్నారో చూశారా. కాఫీ మాట చెబుతూనే కాళ్ళు నరికేశారు.

పన్నెండున్నరకు ఎర్రలైటు వెలిగింది. అద్దం అవతల స్విచ్చి బోర్డు పక్కన కుర్చీ వేయించుకుని రాజుగారు స్వయంగా కూర్చున్నారు. లైట్ల వేడికి చిన్న గదంతా మగతగా ఉంది. ఫ్యాను ఆపేస్తే తప్ప మైకు బాగా పనిచెయ్యదు. తండ్రి ఎదురుగా కూర్చున్నా సిల్వియాకు ఆయన నీళ్ళ అవతల గట్టు మీద ఉన్నట్టే ఉంది. ఈ క్షణాన దోనెలంకలో అందరూ ఒక్క టీవీ ముందు చేరి ఉంటారు. ముందు వరసలో సీతారత్నం, ఆవిడ పక్కన తన పేరు పెట్టుకున్న ఆ సిలివమ్మ.

“పోయిన గురువారం ఒక పెద్దావిడ మాట పూర్తికాకుండా నేను నవ్వాను,” అని మొదలుపెట్టింది. “ఆవిడ అడిగింది సరైన మాట. తెలియనిది నాకు. ఆవిడ అడిగిన కాంటూరు గారు వీరే. ఈయన మా నాన్నగారు. కానీ ఈ అరగంటా నేను ఆయన కూతుర్ని కాను.”

నిత్యానందం గారు చేతులు జోడించారు. రాయి ఎక్కడ పాతించారో చెప్పారు. పాత రేవు నుంచి ఎన్ని గొలుసుల దూరమో, ఏ దిక్కుకో, ఎంత లోతున పాతారో, ముప్పయ్యేళ్ళ తర్వాత తడుముకోకుండా చెప్పారు. ఆనాటి కొలతలు రాసుకున్న తన ఫీల్డుబుక్కు తీసి ఆ పేజీ కెమెరాకు చూపించారు. “దోనెలంక గీతకు బయట ఉందండీ. కొలిచింది నేనే,” అన్నారు. ఫోన్లు మొదలయ్యాయి. సిల్వియా చెవికి పెట్టుకున్న ఇయర్ ఫోనులో షహనాజ్, “మేడం, అన్నీ కొల్లేరు నుంచేనండీ, అన్ని లైన్లూ,” అంది.

అక్కడితో ఆపేస్తే అందరికీ బాగుండేది. నలభై ఇళ్ళకు సాక్ష్యం దొరికింది. నవ్విన పాపం తీరింది. కార్యక్రమం నిలిచేది. సిల్వియాకు ఆ సంగతి తెలుసు. కానీ ఇదే కుర్చీలో ఎవరినీ సగంలో వదలని మనిషి, తండ్రిని మాత్రం సగంలో వదిలేస్తే, రేపు ఎవరిని నిలదీస్తుంది?

“మరి మ్యాపులో ఎందుకు తప్పుందండీ?”

“తప్పు వేశాం గనక.”

“దాని మీద సంతకం ఎవరిది?”

“నాది.”

అద్దం అవతల అబ్బాయిరాజు గారు లేచి నిలబడ్డారు. చెయ్యి స్విచ్చి మీద పెట్టారు. సిల్వియా చూసింది. నిత్యానందం గారు కూడా తల తిప్పి, ఆ చేతిని చూశారు. చూసి మళ్ళీ కూతురి వైపు తిరిగారు.

“ఆ సంతకం మిమ్మల్ని ఎవరు పెట్టమన్నారండీ?”

“ఎవరూ పెట్టమనలేదండీ,” అన్నారు నిత్యానందం గారు. “నేనే వెళ్ళి, పెడతానని అడిగాను.”

రాజుగారి చెయ్యి స్విచ్చి మీద నుంచి మెల్లగా దిగింది. ఆయన మళ్ళీ కూర్చున్నారు.

మూడేళ్ళలో ఆ కుర్చీలో కూర్చుని అబద్ధమాడిన వాళ్ళందరినీ సిల్వియా కనిపెట్టింది. కనురెప్పలు చూసి చెప్పేసేది. ఇప్పుడు తండ్రి కళ్ళలోకి ఎంత చూసినా తెలియలేదు. ముప్పయ్యేళ్ళుగా దాచుకున్న నిజాన్ని చెప్పేశారా, ఆ చెయ్యి చూసి కూతురి ఉద్యోగం కోసం తన పేరు మట్టిలో కలుపుకున్నారా? ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. ఎందుకండీ అని అడిగితే చాలు. షహనాజ్ చెవిలో “మేడం, తర్వాతి ప్రశ్న... మేడం” అంటూనే ఉంది. సిల్వియా ఆ మాట అడగలేకపోయింది.

ఇంకా పద్దెనిమిది నిమిషాల లైవు మిగిలి ఉంది.